నొప్పికి థర్మామీటరు లేదు

ఆసుపత్రిలో రోగి మంచానికి ఒక అట్ట వేలాడుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. దానిమీద గళ్ళ కాగితం ఉంటుంది. నర్సు వచ్చి రోగి ఒంటి వేడిని చూసి అందులో రాస్తుంది. మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి రాస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో, రక్తపోటు ఎంత ఉన్నదో అదీ రాస్తుంది. వేడిని కొలవడానికి థర్మామీటరు ఉంది. రక్తపోటుకు చేతికి చుట్టే పట్టీ ఉన్న యంత్రం ఉంది. నాడికి, ఊపిరికి గడియారం చాలు.

మరి నొప్పిని దేనితో కొలుస్తారు?

ఇంత విజ్ఞానం పెరిగినా నొప్పిని కొలిచే యంత్రం ఈనాటికీ రోగి మంచం దగ్గరకు రాలేదు. ఎక్స్‌రే తీస్తే విరిగిన ఎముక కనబడుతుంది కాని, ఆ ఎముక పెట్టే బాధ కనబడదు. ఒకే రకంగా చెయ్యి విరిగిన ఇద్దరిలో ఒకరు విలవిలలాడవచ్చు, ఇంకొకరు పళ్ళు బిగించి కూర్చోవచ్చు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ నొప్పి ఉన్నదో బయటినుంచి చూసి తేల్చలేము. అయినా ఆసుపత్రులలో రోజూ ఎవరో ఒకరు ఈ పని చేయవలసే వస్తుంది. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సు కనుక ఆ భారం ఎక్కువగా ఆమె మీదనే పడుతుంది. (నర్సులలో మగవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో మాత్రం 'ఆమె' అనే రాస్తున్నాను.)

నొప్పి ఎలా ప్రయాణం చేస్తుంది?

చీకట్లో నడుస్తుంటే కాలి బొటనవేలు గడపకు తగిలిందనుకోండి. మొదట చురుక్కుమంటుంది. మీరు 'అబ్బా' అని కాలు పట్టుకునేలోగా రెండవ నొప్పి వస్తుంది. ఇది మొదటిదానిలాగ సూదిమొన వంటిది కాదు. మొద్దుగా, సలుపుతూ, చాలాసేపు ఉంటుంది. దెబ్బ ఒక్కటే అయినా నొప్పులు రెండు. ఎందుకని?

మన చర్మంలోను, కండరాలలోను, ఎముకల పైపొరలోను నొప్పిని పసికట్టే సన్నని నాడుల కొనలు ఉన్నాయి. దెబ్బ తగిలినా, కాలినా, కోసుకున్నా ఇవి మేల్కొని వెన్నుపాముకు వార్త పంపుతాయి. ఈ వార్తను మోసే తంతువులు రెండు రకాలు. ఒక రకం తంతువుల మీద కొవ్వుతో కూడిన పలుచని తొడుగు ఉంటుంది. వీటిలో వార్త సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. రెండవ రకానికి తొడుగు లేదు, అవి ఇంకా సన్నని తంతువులు. వాటిలో వేగం సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే. మీ బొటనవేలి నుంచి వెన్నుపాముకు ఇంచుమించు ఒక మీటరు దూరం అనుకుందాం. మొదటి రకం తంతువు సెకనుకు 20 మీటర్ల చొప్పున తీసుకుపోతే సెకనులో ఇరవయ్యో వంతుకే వార్త చేరుతుంది. రెండవ రకం చేర్చేసరికి ఒక సెకను పడుతుంది. ఒకటి ఎక్స్‌ప్రెస్ బండి, రెండవది ప్రతి స్టేషనులోను ఆగే పాసింజరు. చురుక్కుమన్నది మొదటి బండిలో వచ్చింది, సలుపు రెండవ బండిలో వచ్చింది.

దెబ్బ తగలగానే మీరు చేసే రెండవ పని ఏమిటి? ఆ చోటును గట్టిగా రుద్దుకుంటారు. చిన్నపిల్లలైతే అమ్మ ఊదుతుంది, నిమురుతుంది. చిత్రంగా నొప్పి కాస్త తగ్గుతుంది. ఇది ఊరికే ఊరడింపు అనుకునేవారు. 1965లో కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ అనే ఇద్దరు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉన్నదని, నొప్పి వార్తలు మెదడుకు పోవాలంటే ఆ తలుపు దాటాలని వారు చెప్పారు. స్పర్శను మోసే లావు తంతువులు నొప్పి తంతువుల కంటె చాలా వేగమైనవి. రుద్దినప్పుడు వాటి వార్తలు వచ్చి పడి తలుపును సగం మూసేస్తాయి. అంతే కాదు, పైనుంచి మెదడు కూడ ఆ తలుపును మూయగలదు, తెరవగలదు. ఈ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తరువాత మారాయి. అసలు సంగతి మాత్రం నిలిచింది.

మెదడు తలుపు ఎలా మూస్తుంది? 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనేవారు పందుల మెదడు నుంచి ఒక పదార్థాన్ని తీశారు. అది నల్లమందు నుంచి తీసే మార్ఫీన్ చేసే పనినే చేస్తున్నది! అంటే మన ఒంట్లోనే నొప్పిని అణచే మందు తయారవుతున్నదన్నమాట. ఆటలో మోకాలు చీరుకుపోయినా ఆట అయ్యేదాకా తెలియకపోవడం మీలో ఎవరికైనా జరిగిందా? రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీలో గాయపడ్డ సైనికులను చూసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు ఇటువంటి సంగతినే గమనించి 1946లో రాశాడు. పెద్ద గాయాలతో వచ్చినవారిలో చాలామంది, నొప్పిమందు కావాలా అని అడిగితే అక్కరలేదన్నారు. యుద్ధభూమి నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట ఆ సమయంలో వారి బాధను కప్పివేసిందని ఆయన భావించాడు.

దీనికి తలకిందులుగా, భయం, నిద్రలేమి, ఒంటరితనం, 'నాకేమవుతుందో' అన్న బెంగ నొప్పిని పెంచుతాయి. అందువల్ల 'నొప్పి గాయంలో ఎంత ఉన్నదో మనిషిలోనూ అంత ఉన్నది' అంటే తప్పు కాదు. నర్సు పని మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

తాతను అడిగితే ఏమన్నాడు?

ఒక వార్డులోకి వెళ్ళినట్టు ఊహించుకుందాం. అరవై ఏళ్ళు దాటిన రైతు ఒకాయనకు నిన్న కడుపు ఆపరేషను అయింది. ఉదయం నర్సు వచ్చింది.

"తాతా, నొప్పి ఎలా ఉంది?"

"బాగానే ఉంది సిస్టరమ్మా. అంత నొప్పేం లేదు."

ఇక్కడితో 'నొప్పి లేదు' అని రాసుకుని పక్క మంచానికి పోవచ్చు. పోయేవారూ ఉన్నారు. కాని ఈమె నిలబడి చూసింది. తాత ఎడమచెయ్యి మంచం కమ్మీని గట్టిగా పట్టుకుని ఉంది. రాత్రి ఎటు తిరిగి పడుకున్నాడో ఇప్పుడూ అటే ఉన్నాడు. ఊపిరి పైపైన తీస్తున్నాడు. గడియారం చూసి లెక్కపెడితే నిమిషానికి 26 సార్లు. పెద్దవాళ్ళకు మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది.

"ఒక్కసారి గట్టిగా దగ్గండి తాతా."

తాత దగ్గబోయి ఆగిపోయాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఇంత నొప్పి పెట్టుకుని లేదంటారేం?"

"అందరూ పనుల్లో ఉన్నారు గదమ్మా. మాటిమాటికి పిలిస్తే ఏమనుకుంటారో అని."

ఈ తాత లాంటివారు మన ఇళ్ళలో ఎందరో! విసిగిస్తామేమో అని కొందరు చెప్పరు. మగవాడు మూలగకూడదని కొందరు చెప్పరు. మందు అలవాటైపోతుందేమో అని కొందరు, నొప్పి ఎక్కువంటే జబ్బు ముదిరిందంటారేమో అనే భయంతో కొందరు చెప్పరు. అందుకనే అనుభవమున్న నర్సు 'నొప్పి ఉందా?' అని మాత్రమే అడిగి ఊరుకోదు. 'దగ్గితే ఎలా ఉంటుంది? లేచి కూర్చుంటే? రాత్రి నిద్ర పట్టిందా?' అని అడుగుతుంది. కదలకుండా పడుకున్నప్పుడు లేని నొప్పి కదిలితే బయటపడుతుంది.

ఓర్చుకుంటే పోయేదానికి ఇంత హడావిడి ఎందుకని మీరు అడగవచ్చు. కడుపు కోతతో ఉన్న మనిషి నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తీయడు, దగ్గడు. అప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా విచ్చుకోవు, కఫం అక్కడ నిలిచిపోతుంది, అందులో సూక్ష్మజీవులు పెరిగి న్యుమోనియా రావచ్చు. కాళ్ళు కదపకుండా పడుకుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకు వస్తుంది. అంటే తాత చూపిన ఓర్పు ఆయనకే ముప్పు తేగలదు.

ఆమె ఏం చేసింది? డాక్టరు రాసిన మందును చూసి, ఆఖరి మోతాదు ఎప్పుడు ఇచ్చారో చూసి, వేళ అయిందని తెలుసుకుని ఇచ్చింది. అదొక్కటే కాదు. మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టింది. మోకాళ్ళు కొంచెం మడిస్తే కడుపు కండరాల బిగువు తగ్గుతుంది. ఇంకొక దిండు చేతికిచ్చి, "దగ్గాలనిపించినప్పుడు దీన్ని కుట్ల మీద పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకోండి" అని చూపించింది. ఇలా చేస్తే దగ్గినప్పుడు కోత అదరదు. "అరగంట, ముప్పావుగంటలో మందు పని చేస్తుంది, అప్పుడు వచ్చి లేపి కూర్చోబెడతాను" అని కూడ చెప్పింది. ఈ చివరి మాట చిన్నదిగా కనబడుతుంది. కాని బాధ ఎప్పుడు తగ్గుతుందో తెలిసిన మనిషికి, తెలియని మనిషికి చాలా తేడా ఉంది. పైనుంచి తలుపు మూసే మెదడు సంగతి గుర్తుంది కదా?

రూపాయిలో ఎంత?

యంత్రం లేనప్పుడు కొలత ఎలా? రోగినే అడగాలి. 1968లో మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు ఈ సంగతిని తేటగా చెప్పింది. నొప్పి అంటే ఏమిటో, ఎప్పుడు ఉన్నదో చెప్పవలసినది దాన్ని అనుభవించే మనిషే, బయటివాళ్ళు కాదు అన్నది ఆమె మాటల సారం. ఈనాడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కాని రోగి చెప్పినదానిని సందేహించడమే అలవాటైన కాలంలో అది పెద్ద మాటే.

సామాన్యంగా వాడే పద్ధతి అంకెలు. 'అసలు నొప్పి లేకపోతే 0, ఇంతకు మించిన నొప్పి ఉండదనుకుంటే 10. ఇప్పుడు మీది ఎంత?' అని అడుగుతారు. అంకెలతో తికమకపడేవారిని 'నిండు రూపాయి నొప్పి అనుకుంటే ఇప్పుడు పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?' అని అడిగినా సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఒకరి 6ను ఇంకొకరి 6తో పోల్చకూడదు. అదే మనిషి ఉదయం 8 అని, మందు ఇచ్చిన తరువాత 4 అంటే అది పనికివచ్చే సమాచారం.

అంకె ఒక్కటే చూసుకుని మందు పెంచుతూ పోవడమూ ప్రమాదమే. అమెరికాలో 1990ల తరువాత నల్లమందు జాతి మందులను విచ్చలవిడిగా రాయడం వలన ఎందరో వాటికి బానిసలయ్యారు, చాలామంది చనిపోయారు. దీనికి మందుల కంపెనీల ప్రచారం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. నొప్పిని ఒక అంకెగా మాత్రమే చూడటం కూడ వాటిలో ఒకటని తరువాత విమర్శ వచ్చింది. అంకెతో పాటు నొప్పి ఎక్కడ, ఎటువంటిది, దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది అన్నవీ తెలియాలి.

'ఎటువంటిది' అన్న ప్రశ్నకు తెలుగువారి దగ్గర ఉన్నన్ని జవాబులు చూడండి. పన్ను పోటు పెడుతుంది. పుండు సలుపుతుంది. కాళ్ళు పీకుతాయి, లాగుతాయి. జ్వరం వస్తే ఒళ్ళు తీపులు. నడుము కలుక్కుమంటుంది. కడుపులో మెలిపెట్టినట్టుంటుంది. కాలినచోట భగభగ మండుతుంది. నరం జివ్వున లాగుతుంది. అరికాళ్ళలో సూదులతో పొడిచినట్టుంటుంది. ఇవి ఒకే మాటకు పర్యాయపదాలు కావు. 1975లో మెల్జాక్ (పైన చెప్పిన తలుపు సిద్ధాంతం ఆయనే) ఇంగ్లీషులో నొప్పిని గురించి రోగులు వాడే 78 మాటలను వర్గాలుగా చేసి ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు. ఏ మాట వాడారన్నదానిని బట్టి నొప్పి జాతిని ఊహించవచ్చు. మంట, జివ్వుమని లాగడం, సూదిపోట్లు, తిమ్మిరి కలిసి ఉంటే అది నాడియే దెబ్బతినడం వలన వచ్చినది కావచ్చు. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారి పాదాలలో ఇది కనబడుతుంది. ఇటువంటి నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, వేరే మందులు కావాలి. కడుపులో మెలిపెట్టినట్టు వచ్చి పోతూ ఉంటే పేగు వంటి గొట్టం ఏదో ముడుచుకుంటున్నదన్న అనుమానం వస్తుంది. రోగి 'పీకుతోంది' అంటే నర్సు 'నొప్పి' అని రాస్తే సగం సమాచారం పోయినట్టే. రోగి మాటను రోగి మాటగానే రాయాలి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి ఇటువంటి మాటలు పోగుచేసి చూడండి. మీ జిల్లాలో ఉన్నవి కొన్ని పక్క జిల్లావారికి తెలియకపోవచ్చు. వేరే జిల్లాలో పనిచేసే నర్సుకు అది రోజూ ఎదురయ్యే చిక్కే.

మాట రాని వారి సంగతి

మూడేళ్ళ పిల్లవాడికి '10లో ఎంత' అంటే ఏం తెలుస్తుంది? 1980ల మొదట్లో అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో కాలిన గాయాలతో వచ్చిన పిల్లలతో పనిచేస్తూ డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే సహోద్యోగి ఈ చిక్కును పిల్లల చేతనే విప్పించారు. ఖాళీ గుండ్రాలు ఇచ్చి, నొప్పి లేనప్పటి నుంచి బాగా ఉన్నప్పటి వరకు మొహాలు గీయమన్నారు. పిల్లలు గీసిన బొమ్మల ఆధారంగా ఆరు మొహాల వరస తయారయింది. మొదటిది నవ్వుతుంది, చివరిది ఏడుస్తుంది. పిల్లవాడు తన మొహం ఏదో వేలితో చూపిస్తాడు. ఈనాడు ఎన్నో దేశాల పిల్లల వార్డులలో ఈ బొమ్మలు గోడమీద కనబడతాయి.

వేలితో చూపడం కూడ రాని పసివారిని చూడటానికి 1997లో ఇంకొక పద్ధతి వచ్చింది. మొహం, కాళ్ళు, ఒంటి కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం అనే అయిదింటికి 0, 1, 2 చొప్పున మార్కులు వేసి కూడితే 10కి ఎంతో వస్తుంది. పసిబిడ్డలకు నొప్పి సరిగా తెలియదని చాలాకాలం చాలామంది డాక్టర్లే అనుకున్నారంటే నమ్ముతారా? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు చాలినంత నొప్పిమందు లేకుండానే ఆపరేషనులు చేసిన రోజులు ఉన్నాయి. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ సంతతి డాక్టరు, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పనిని ప్రకటించారు. నొప్పిమందు సరిగా ఇచ్చిన బిడ్డలు ఆపరేషను తాకిడిని తక్కువ ప్రమాదంతో తట్టుకున్నారని అందులో తేలింది.

సూది అంటే మీకూ భయమే కదా! టీకా వేసేటప్పుడు నొప్పి తగ్గించే మార్గాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పాలు తాగే బిడ్డకైతే తల్లి పాలిస్తుండగానే వెయ్యాలి. పిల్లవాణ్ణి బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టి అదమకుండా, ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి పట్టుకోవాలి. ఒకేసారి రెండు మూడు టీకాలు ఉంటే బాగా నొప్పి పెట్టేదానిని చివర వెయ్యాలి. 'అసలు నొప్పే ఉండదు' అని అబద్ధం చెప్పకూడదు. అబద్ధం చెబితే రెండవసారి ఆ పిల్లవాడు నమ్మడు. ఇందులో ఒక్కదానికీ ఖర్చు లేదు.

గడియారం ప్రకారం మందు

నొప్పిని గురించిన ఆలోచనను మార్చినవారిలో సిసిలీ సాండర్స్ ఒకరు. 1918లో ఇంగ్లండులో పుట్టిన ఈమె రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుగా శిక్షణ పొందింది. నడుము జబ్బు వలన బరువులెత్తే ఆ పని మానుకోవలసి వచ్చి ఆసుపత్రిలో సామాజిక సేవికగా చేరింది. అయినా సాయంత్రాలు ఒక ఆశ్రమంలో చావుకు దగ్గరైన రోగులకు నర్సుగా సాయం చేసేది. అక్కడ ఆమె ఒక సంగతి గమనించింది. మిగిలిన ఆసుపత్రులలో కాన్సర్ రోగి నొప్పి భరించలేక అరిచి అడిగాక సూది వేసేవారు. ఆ మందు దిగిపోయాక మళ్ళీ నొప్పి, మళ్ళీ అరుపు. ఈ ఆశ్రమంలో నర్సులు నాలుగు గంటలకొకసారి, రోగి అడగకముందే నోటిద్వారా మార్ఫీన్ ఇస్తున్నారు. ఇక్కడి రోగులు మెలకువగా ఉండి మాట్లాడుతున్నారు, తింటున్నారు.

నీళ్ళ కుండ ఖాళీ అయ్యాక పరుగెత్తడం కంటె అడుగంటక ముందే కొంచెం కొంచెం నింపుతూ ఉండటం నయం కదా. మార్ఫీన్ ప్రభావం సుమారు నాలుగు గంటలు. అది దిగిపోక ముందే తరువాతి మోతాదు పడితే నొప్పి తల ఎత్తదు. పైగా 'మళ్ళీ వస్తుందేమో' అన్న భయం పోతుంది.

తన మాట డాక్టర్లు వినాలంటే తానే డాక్టరు కావాలని ఒక సర్జను సలహా ఇస్తే, ఆమె వైద్యవిద్యలో చేరి 1957లో పట్టా పుచ్చుకుంది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. రోగి బాధ అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, ఇంటి అప్పు, పిల్లల చదువు, చావు భయం అన్నీ కలిసి ఒక్క బాధ అవుతాయని ఆమె చెబుతూ వచ్చింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ నొప్పికి మార్గదర్శకాలు ప్రకటించినప్పుడు, మందు వీలైనంతవరకు నోటిద్వారా, గడియారం ప్రకారం ఇవ్వాలన్నది అందులో ఉంది.

మన దేశం కథ వింత. ప్రపంచానికి నల్లమందు పండించి ఇచ్చే దేశాలలో భారతదేశం ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో గసగసాల మొక్కను దీనికోసం పెంచుతారు. అయినా ఇక్కడి కాన్సర్ రోగికి మార్ఫీన్ మాత్ర దొరకడం చాలాకాలం గగనమైంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినమంటే, అనుమతుల బాధ పడలేక ఎన్నో ఆసుపత్రులు ఆ మందును తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి నియమాలు సులభం చేశారు. ఈలోగా 1993లో కేరళలో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు ఒక సంఘం స్థాపించారు. దాని వెనుక కూడ ఒక నర్సు ఉంది. గిలీ బర్న్ అనే ఇంగ్లీషు నర్సు మన దేశమంతా తిరుగుతూ నొప్పిని ఎలా తగ్గించాలో నేర్పింది. ఈనాడు కేరళలో శిక్షణ పొందిన నర్సులు మంచాన పడ్డ రోగుల ఇళ్ళకే వెళ్ళి చూస్తున్నారు. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో కూడ ఇటువంటి సేవావిభాగం ఉంది.

ఆ మార్ఫీన్ చేతిలో ఉన్నప్పుడు నర్సు రెండు వైపులా చూడాలి. తక్కువైతే నొప్పి పోదు. మోతాదు మించితే మెదడులో ఊపిరిని నడిపే కేంద్రం మందగిస్తుంది. ఊపిరి తగ్గడానికి ముందు సామాన్యంగా మగత పెరుగుతుంది. పిలిస్తే పలికే రోగి, మాట మధ్యలో కునుకుతుంటే ఆమె జాగ్రత్తపడుతుంది. గడియారం చూస్తూ పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 10 కంటె తగ్గితే తరువాతి మోతాదు ఆపి డాక్టరును పిలుస్తుంది. విరుగుడు మందు నలోక్సోన్ అందుబాటులో ఉంచుతుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది కనుక దానికి మందు మొదటి రోజునుంచే కావాలి. ఇది మరచిపోతే రోగి నొప్పికంటె దానికే ఎక్కువ బాధపడి మార్ఫీన్ మానేస్తానంటాడు. కొద్దిరోజుల ఆపరేషను నొప్పికి, కాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో సరైన మోతాదులో ఇస్తే బానిసత్వం భయం తక్కువే. డాక్టరు చెప్పకుండా ఎవరి మాత్రలో తెచ్చి మింగడం మాత్రం ప్రాణాంతకం.

ఇక మన తాత దగ్గరకు వద్దాం. ముప్పావుగంట అయింది. వార్డులో ఇంకా ముప్ఫైమంది రోగులు ఉన్నారు, ఇద్దరికి సెలైను మార్చాలి, ఒకరికి కట్టు కట్టాలి. అయినా ఆమె తిరిగి వచ్చింది. ఇచ్చిన మందు పని చేసిందో లేదో తిరిగి వచ్చి చూడకపోతే ఇచ్చినట్టు సగమే లెక్క.

"ఇప్పుడెలా ఉంది తాతా? రూపాయిలో ఎంత?"

తాత ఆలోచించాడు. "పావలాకి కాస్త ఎక్కువ. అర్ధరూపాయి లేదు."

దిండు కడుపుకు అదుముకుని, రెండుసార్లు దగ్గాడు. గొంతులో గురగురమంటున్న కఫం బయటికి వచ్చింది. ఆమె పట్టుకోగా లేచి మంచం అంచున కూర్చుని, కాళ్ళు నేలకు ఆనించాడు. ఊపిరి లెక్కపెడితే 18. ఆమె అట్టమీద వేడి, నాడి, ఊపిరి, రక్తపోటు రాసింది. వాటి కింద గడిలో 'నొప్పి: కదిలితే 10కి 3. దగ్గాడు, కూర్చున్నాడు' అని రాసి, తరువాతి మందు ఎన్ని గంటలకో పక్కన వేసింది.

"మళ్ళీ ఎక్కువైతే పిలుస్తారా?"

"పిలుస్తాలే అమ్మా" అన్నాడు తాత.